ధ్వని గొలుసు: గిటార్ ఆంప్లిఫయర్ నుంచి ప్లగ్-ఇన్ వరకు

పరిచయం

శాసనాన్ని ఆధారంగా తీసుకునేటప్పుడు ఏమేమి చూడాలో ఇంతకు ముందు పాఠంలో తెలుసుకున్నారు. రాయి ఎక్కడిది, లిపి ఏ కాలానిది, చెక్కించినవారు ఎవరు, తర్వాతి కాలంలో ఎవరైనా చేర్పులు చేశారా అని అడగటం చరిత్ర విద్యార్థి మొదటి పని. గణపురం కోటగుళ్ల ముందు నిలబడినా, పాత కైఫీయతును చేతిలోకి తీసుకున్నా ఈ ప్రశ్నలు మారవు. ఈ పాఠంలో అవే ప్రశ్నలను మన కాలపు ఆధారం ఒకదానికి వేద్దాం. ఆ ఆధారం కంప్యూటరులో తయారైన పాట.

భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్ జిల్లాలలో ఇవాళ ఒక పాట రికార్డు కావటానికి హైదరాబాదు పోనవసరం లేదు. ఇంట్లో ఒక గది, ఒక కంప్యూటరు, ఒక మైకు, వాటి మధ్య చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే పని జరుగుతుంది. డప్పు, డోలు పక్కన గిటార్ కూడా వినిపిస్తుంది. ఆ గదిలో గిటార్ ఆంప్లిఫయర్ మాత్రం చాలాసార్లు కనిపించదు. దాని ధ్వనిని సాఫ్ట్‌వేర్ అనుకరిస్తుంది. దీన్నే వాడుకలో ఆంప్ సిమ్యులేటర్ అంటున్నారు. దానికి తోడుగా వేరే కంపెనీలు చేసిన చిన్న ప్రోగ్రాములను కలుపుతారు. వీటి పేరు ప్లగ్-ఇన్‌లు. ప్లగ్-ఇన్ తనంతట తాను నడవదు. పెద్ద ప్రోగ్రాం ఒకటి దానికి చోటివ్వాలి. చోటిచ్చే ప్రోగ్రాంను హోస్ట్ అంటారు.

ఒకరి యంత్రంలో మరొకరి పనిముట్టును కూర్చోబెట్టే ఈ ఏర్పాటు ఎట్లా వచ్చింది? అది తెగిపోతే పాటకు ఏమవుతుంది? సంగీతం తెలియనివారు కూడా ఈ పాఠాన్ని భయపడకుండా చదవవచ్చు. నాకు కూడా గిటార్ పట్టుకోవటం రాదు.

ఆంప్లిఫయర్ వాద్యంగా మారిన కథ

1930 ప్రాంతంలో అమెరికా నృత్య వాద్యబృందాలలో గిటార్‌కు ఒక కష్టం ఉండేది. ఇత్తడి బాకాల మధ్య దాని గొంతు వినపడేది కాదు. లాస్ ఏంజెలిస్‌లో జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ 1931-32లో అయస్కాంత పికప్ ఉన్న గిటార్‌ను తయారు చేశారు. చూడటానికి పిడి ఉన్న పెనంలా ఉండేది కాబట్టి దానికి పెనం అనే పేరే స్థిరపడింది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన పరికరం. పైన ఉక్కు తీగ కంపిస్తే రాగి చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెద్దది చేసి స్పీకర్‌కు ఇస్తుంది.

ఇంజినీర్లు కోరుకున్నది శుభ్రమైన ధ్వని. కానీ వాల్వు ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి తోస్తే ధ్వని తరంగం పైభాగం, అడుగుభాగం కోసినట్టు చదునవుతాయి. లేని స్వరాంశాలు కొత్తగా పుట్టుకొస్తాయి. ధ్వని చిక్కబడి, ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంజినీరు లెక్కలో ఇది లోపం. వాయించేవారు మాత్రం దీన్నే ఇష్టపడ్డారు. లింక్ రే 1958లో ‘రంబుల్’ అనే వాద్యగీతం కోసం స్పీకర్ కాగితానికి పెన్సిల్‌తో తూట్లు పొడిచాడు. లండన్‌లో కింక్స్ బృందపు డేవ్ డేవిస్ 1964 నాటి పాట కోసం స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో చీరాడు. అప్పటి నుంచి ఆంప్లిఫయర్‌ను కేవలం శబ్దం పెంచే పెట్టె అనటానికి వీలు లేకుండా పోయింది. గిటార్ ఎంత వాద్యమో అదీ అంత వాద్యమే అయింది.

ఇక్కడ మన పాఠానికి ముఖ్యమైన విషయం ఉంది. లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపిన జిమ్ మార్షల్ 1960ల మొదట్లో తన తొలి ఆంప్లిఫయర్‌ను అమెరికన్ ఫెండర్ కంపెనీ ‘బాస్‌మన్’ సర్క్యూట్‌ను చూసి చేయించాడు. ఇంగ్లండులో దొరికే విడిభాగాలు వాడటంతో ధ్వని మారింది, ఆ మార్పుకే పేరొచ్చింది. స్పీకర్లు సెలెషన్ కంపెనీవి, వాల్వులు ఇంకెవరివో. గిటార్ ఒకరిది, కాలితో నొక్కే పెడల్ ఒకరిది, ఆంప్లిఫయర్ ఒకరిది. ఎలక్ట్రిక్ గిటార్ ధ్వని అనేక చేతుల మీదుగా నడిచే గొలుసు.

ఇన్ని కంపెనీల వస్తువులు ఒకదానితో ఒకటి ఎట్లా కలిశాయి? పావు అంగుళం జాక్ వల్ల. పందొమ్మిదో శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో ఆపరేటర్లు ఒక లైనును మరో లైనుకు కలపటానికి వాడిన పిన్ను అది. గిటార్ దాన్నే తెచ్చుకుంది. ఆ పిన్నును వాడుకోవటానికి పెడల్ చేసేవారు ఎవరి దగ్గరా లైసెన్సు తీసుకోలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, పాఠం చివరలో మళ్లీ పని పడుతుంది.

తెలుగు నేల మీద: పాలకొల్లు మాండలిన్, జాతర మైకు

తెలుగువారికి ఆంప్లిఫయర్ వాద్యంలో భాగమైందనటానికి పెద్ద ఉదాహరణ మాండలిన్ శ్రీనివాస్. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేశాడు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. కర్ణాటక సంగీతంలో గమకం పలకాలంటే స్వరం నిలవాలి, తీగను లాగటానికి వీలుండాలి. జంట తీగల మీద అది కష్టం. ఆయన ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నాడు. పికప్, ఆంప్లిఫయర్ ఉండటం వల్ల లాగిన తీగలో మిగిలిన కొద్దిపాటి కంపనం కూడా శ్రోతకు చేరింది. పాశ్చాత్య గిటారిస్టులు ఆంప్లిఫయర్‌ను గరుకుదనం కోసం వాడుకుంటే, ఈయన గమకం కోసం వాడుకున్నాడు. 2014లో ఆయన మరణించేనాటికి ఎలక్ట్రిక్ మాండలిన్ కర్ణాటక కచేరీలో వింత వస్తువుగా ఉండటం ఎప్పుడో మానేసింది.

మన జిల్లాలలో ఆంప్లిఫయర్ వేరే దారిలో వచ్చింది. జాతరకు, పెళ్లికి, సభకు వచ్చే మైక్ సెట్టు మీరెరిగినదే. 1940లో మొదలైన అహుజా కంపెనీ పేరు మన ఊళ్లలో మైకుకు పర్యాయపదంగా నడిచింది. చెట్టుకు కట్టిన గరాటు హారన్‌లో లోతైన ధ్వనులు, బాగా సన్నని ధ్వనులు రెండూ సరిగా దాటవు. మధ్యలోవి మాత్రం గట్టిగా దూసుకుపోతాయి. మాట చాలా దూరం అర్థమవటానికి కారణం అదే. మైక్ సెట్టు రాకముందు ఒగ్గుకథ చెప్పేవారికి రాత్రంతా గొంతే ఆధారం. మాణిక్యాపురం చుక్క సత్తయ్య వంటి ఒగ్గుకథకులు, 2024లో పద్మశ్రీ పొందిన జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య వంటివారు కళను నడిపిన కాలంలోనే ఈ మైకు, ఈ హారన్ పల్లె ప్రదర్శనలలో స్థిరపడ్డాయి. కాబట్టి ఒక తరానికి కథ గొంతు అంటే హారన్ గుండా వచ్చిన గొంతు. పాత జాతర వాతావరణం కావాలనుకునే రికార్డిస్టు శుభ్రంగా తీసిన గొంతును మళ్లీ హారన్ ధ్వనిలోకి మారుస్తాడు. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్, గిటార్ ఆంప్లిఫయర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్, రెండింటి సూత్రమూ ఒకటే.

పెట్టె నుంచి కంప్యూటరుకు

ఆంప్లిఫయర్ బరువు, అద్దె, ఇరుగుపొరుగు ఫిర్యాదు. ఈ మూడింటి వల్లే అనుకరణ మొదలైంది. బోస్టన్ బృందపు గిటారిస్టు, ఇంజినీరు టామ్ షోల్జ్ 1982లో ‘రాక్‌మన్’ అనే చిన్న పెట్టెను తెచ్చాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తే పెద్ద ఆంప్లిఫయర్ ముందు ఉన్నట్టు వినిపించేది. 1989లో ‘సాన్స్ఆంప్’ వచ్చింది. ఇవి అనలాగ్ సర్క్యూట్లు. లైన్ 6 కంపెనీ 1996లో డిజిటల్ లెక్కలతో పాత ఆంప్లిఫయర్లను అనుకరించే ఆంప్లిఫయర్‌ను, 1998లో ‘పాడ్’ అనే ఎర్రని పరికరాన్ని విడుదల చేసింది. అదే ఏడాది అదే కంపెనీ ‘ఆంప్ ఫార్మ్’ను ప్లగ్-ఇన్ రూపంలో ఇచ్చింది. అయితే అది ప్రో టూల్స్ అనే ఖరీదైన వ్యవస్థలో, దాని ప్రత్యేకమైన కార్డుల మీద మాత్రమే నడిచేది. మామూలు మనిషికి అందేది కాదు.

1996: చుట్టానికి తలుపు తెరిచిన ఏడు

హాంబర్గ్‌లోని స్టైన్‌బర్గ్ కంపెనీ 1996లో తన క్యూబేస్ ప్రోగ్రాంతో పాటు విఎస్‌టి అనే ఏర్పాటును తెచ్చింది. ప్రత్యేకమైన కార్డు లేకుండా మామూలు కంప్యూటరు ప్రాసెసరే ధ్వని లెక్కలు చేస్తుంది. అంతకంటే పెద్ద సంగతి మరొకటుంది. తన ప్రోగ్రాంలో ప్లగ్-ఇన్ ఎట్లా కూర్చోవాలో చెప్పే నియమాలను, అందుకు కావలసిన కోడును ఆ కంపెనీ ఇతరులకు ఉచితంగా ఇచ్చింది. పోటీ కంపెనీలు కూడా తమ ప్రోగ్రాములను విఎస్‌టి హోస్టులుగా మార్చుకున్నాయి. ఇంట్లో కూర్చుని ప్రోగ్రాము రాయగల విద్యార్థి కూడా ప్లగ్-ఇన్ చేసి పంచిపెట్టగలిగాడు. నా అభిప్రాయంలో చిన్న స్టూడియో చరిత్రకు అసలు ప్రారంభం ఈ నిర్ణయమే. చవకైన మైకు తర్వాతి మాట.

ఈ తలుపు గుండానే ఇటలీ కంపెనీ ‘ఆంప్లిట్యూబ్’ 2002లో, బెర్లిన్ కంపెనీ ‘గిటార్ రిగ్’ 2004లో వచ్చాయి. అయితే ఒక చిక్కు మిగిలింది. ఈ ఆంప్ సిమ్యులేటర్లు తాము ప్లగ్-ఇన్‌లుగా ఎక్కడైనా కూర్చునేవి. లోపల మాత్రం పెడల్, ఆంప్లిఫయర్, స్పీకర్ అన్నీ తమవే. వేరే కంపెనీ ప్లగ్-ఇన్‌ను వాటికి ముందు పెట్టవచ్చు, వెనక పెట్టవచ్చు. మధ్యలో, ఆంప్లిఫయర్‌కూ స్పీకర్‌కూ నడుమ పెట్టటం కుదిరేది కాదు. జాక్ పిన్ను కాలంలో వాయించేవాడికి ఉన్న స్వేచ్ఛ ఇక్కడ తగ్గిందన్నమాట.

పీవీ కంపెనీ ‘రీవాల్వర్’ మూడో తరం ఈ చిక్కును ఒక పద్ధతిలో విప్పింది. తన గొలుసు మధ్యలోనే వేరే కంపెనీ విఎస్‌టి ప్లగ్-ఇన్‌ను దింపుకునే గది ఒకటి ఇచ్చింది. ఇంటికి వచ్చిన చుట్టం తన చుట్టాన్ని వెంటబెట్టుకు వచ్చినట్టు, క్యూబేస్ వంటి హోస్టులో కూర్చున్న సిమ్యులేటర్ తానే మరో ప్లగ్-ఇన్‌కు హోస్ట్ అయింది.

రెండో పరిష్కారం ఇంకా తేలికైనది. స్పీకర్ పెట్టె ధ్వనిని ఇంపల్స్ రెస్పాన్స్ అనే చిన్న ఫైలుగా తీసిపెట్టటం. ఖాళీ గుడిలో ఒక్క చప్పట్టు కొట్టి, ప్రతిధ్వని మొత్తం రికార్డు చేశారనుకోండి. ఆ గుడి ధ్వని స్వభావం ఆ రికార్డులో ఉంటుంది. స్పీకర్‌కు కూడా పరీక్ష ధ్వని పంపి, మైకుతో రికార్డు చేసి, లెక్కకట్టి ఇదే పని చేస్తారు. తర్వాత ఏ గిటార్ ధ్వనినైనా ఆ ఫైలుతో గుణించే గణితం ఉంది. ఫలితం ఆ స్పీకర్ గుండా వచ్చినట్టు ఉంటుంది. గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ పైన ధ్వనిని బాగా కోసేస్తుంది కాబట్టి ఈ మెట్టు లేకపోతే సాఫ్ట్‌వేర్ ఆంప్లిఫయర్ దోమ గీపెట్టినట్టు వినిపిస్తుంది. ఇంపల్స్ రెస్పాన్స్ ఫైలు సాధారణంగా మామూలు వేవ్ ఫైలే. ఎవరైనా తీయవచ్చు, చాలా సిమ్యులేటర్లు తీసుకుంటాయి. మీ ఊరి మైక్ సెట్టు హారన్‌కు కూడా ఇట్లాంటి ఫైలు తీయవచ్చు. అయితే ఇందులో హారన్ ఎంత పైకి, ఎంత కిందికి పలుకుతుందో మాత్రమే వస్తుంది. గట్టిగా అరిచినప్పుడు పుట్టే గరగర రాదు. దానికి వేరే ప్లగ్-ఇన్ కావాలి.

గొలుసులో వరుస

కలపటం వచ్చింది కదా అని ఎక్కడంటే అక్కడ కలిపితే పాట చెడుతుంది. ప్రతిధ్వనినిచ్చే ప్లగ్-ఇన్‌ను ఆంప్లిఫయర్ గరుకుదనానికి ముందు పెడితే ప్రతిధ్వనులన్నీ ఒకదానిలో ఒకటి కలిసి ముద్దవుతాయి. వెనక పెడితే ఒక్కొక్కటి విడిగా వినిపిస్తుంది. పప్పులో తాలింపు ముందు వేశారా చివర వేశారా అన్నంత తేడా. ఒకే పనిని ఇద్దరు చేయటం రెండో పొరపాటు. సిమ్యులేటర్‌లో స్పీకర్ ఉండగానే వేరే కంపెనీ ఇంపల్స్ రెస్పాన్స్ కలిపితే ధ్వని రెండు స్పీకర్ల గుండా పోయి మూగబోతుంది. కొత్తది కలిపేటప్పుడు పాతదాన్ని ఆపాలి.

మూడోది ఆలస్యం. కంప్యూటరు ధ్వనిని సెకనుకు 44,100 ముక్కలుగా తీసుకుంటుంది. వాటిని గుంపులుగా లెక్కిస్తుంది. గుంపుకు 128 ముక్కలైతే సుమారు 3 మిల్లీసెకన్ల ఆలస్యం. గాలిలో ధ్వని ఒక మీటరు నడిచే సమయం కూడా దాదాపు అంతే. గుంపు 1,024 ముక్కలైతే ఆలస్యం 23 మిల్లీసెకన్లు. ఎనిమిది మీటర్ల అవతల ఉన్న ఆంప్లిఫయర్‌ను వింటూ వాయించినట్టు ఉంటుంది. కలిపిన ప్లగ్-ఇన్‌లలో కొన్ని తమ వంతు ఆలస్యాన్ని దీనికి జోడిస్తాయి. రికార్డయిన పాటను మళ్లీ వినిపించేటప్పుడు హోస్ట్ ఈ తేడాను సర్దుతుంది. వాయిస్తున్న వేళ సర్దలేదు. డోలు దెబ్బతో కలిసి నడవాల్సిన వేలికి ఇది వెంటనే తెలుస్తుంది. కాబట్టి వాయించేటప్పుడు తక్కువ ప్లగ్-ఇన్‌లు పెట్టుకుని, మిగతావి తర్వాత కలపటం అనుభవజ్ఞుల పద్ధతి.

తలుపు తాళం ఎవరి చేతిలో?

జాక్ పిన్ను గురించి చెప్పిన మాటను ఇప్పుడు గుర్తు చేసుకోండి. విఎస్‌టి తలుపు తెరిచి ఉన్నా దానికి యజమాని ఉన్నాడు. స్టైన్‌బర్గ్ 2008లో మూడో తరం విఎస్‌టిని తెచ్చింది. 2018 అక్టోబరు తర్వాత రెండో తరానికి కొత్త లైసెన్సులు ఇవ్వటం ఆపేసింది. తన సొంత ప్రోగ్రాములలో కూడా రెండో తరాన్ని క్రమంగా తీసేస్తామని 2022లో ప్రకటించింది. మరోవైపు కంప్యూటర్లు 32 బిట్ల నుంచి 64 బిట్లకు మారాయి. ఆపిల్ 2019లో కాటలీనా వ్యవస్థతో 32 బిట్ల ప్రోగ్రాములను పూర్తిగా ఆపేసింది. ఒక్కరే కూర్చుని రాసిన, తర్వాత ఎవరూ పట్టించుకోని ఉచిత ప్లగ్-ఇన్‌లు ఈ రెండు మార్పుల మధ్య ఎన్నో మూగబోయాయి.

కంపెనీలను తప్పుపట్టటం తేలిక. రెండు తరాలను మోయటం ఖర్చే కదా. ఆ ఖర్చును ఎవరు భరించారన్నది చరిత్ర విద్యార్థి అడగాల్సిన ప్రశ్న. కొన్నేళ్ల కింద ఉద్యమ కాలపు పాటల కోసం ఒక రికార్డిస్టు దగ్గరికి వెళ్లాను. హార్డ్ డిస్కు పదిలంగా దాచాడు. పాట ప్రాజెక్టు ఫైలు తెరిస్తే ఫలానా ప్లగ్-ఇన్ దొరకలేదని తెర మీద వరుసగా తొమ్మిది సందేశాలు వచ్చాయి. గొంతు ఉంది, డప్పు ఉంది. గిటార్ మాత్రం ఆంప్లిఫయర్ లేని బక్క తీగ చప్పుడుగా మిగిలింది. పక్కన కూర్చున్న గాయకుడు కాసేపు విని, ఇది మేం చేసిన పాట కాదు సార్ అన్నాడు.

ఆయన మాట నిజమే. అయినా ఆ బక్క తీగ చప్పుడు విలువ కూడా తక్కువేం కాదు. జనం విన్న పాటలో గిటార్, ఆంప్లిఫయర్, ప్రతిధ్వని అన్నీ కలిసిపోయి ఉంటాయి, విడదీయలేం. ప్రాజెక్టు ఫైలులో వాయించిన చేయి మాత్రమే ఉంటుంది, దాని మీద ఏ రంగూ ఉండదు. దొరకని ప్లగ్-ఇన్‌ల పేర్లు కూడా ఆ సందేశాలలో నమోదై ఉన్నాయి. అంటే ఏ గొలుసు గుండా పాట నడిచిందో చెప్పే ఆధారం పోలేదు. శాసనానికి అచ్చుప్రతి, కాగితం ముద్ర రెండూ ఎందుకు దాస్తామో ఇక్కడా అందుకే రెండూ కావాలి.

ఈ తాళానికి బదులు వెతికేవారూ ఉన్నారు. బిట్‌విగ్, యు-హీ కంపెనీలు 2022లో క్లాప్ అనే స్వేచ్ఛా ప్రమాణాన్ని ప్రకటించాయి. న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం నిజమైన ఆంప్లిఫయర్ ధ్వనిని నేర్చుకుని ఫైలుగా ఇస్తుంది. దాని కోడు ఎవరైనా చదవవచ్చు. పదేళ్ల తర్వాత ఒక కంపెనీ మూతపడినా ఆ ఫైలును మళ్లీ పలికించే అవకాశం మిగులుతుంది. దొంగ ప్రతులతో నడిచే స్టూడియోలకు ఈ అవకాశం ఎప్పుడూ ఉండదు. ప్రోగ్రాం మళ్లీ ఎక్కించుకోవాల్సి వచ్చినప్పుడు వారి గొలుసు తెగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పావు అంగుళం జాక్‌కూ విఎస్‌టికీ పోలిక ఏమిటి, తేడా ఏమిటి? మీ మాటల్లో పది వాక్యాలకు మించకుండా రాయండి.

క్షేత్ర పనికి

మీలో కొందరు సింగరేణి షిఫ్టు దిగి వచ్చి ఈ పుస్తకం తెరుస్తారని తెలుసు. మీ ప్రాజెక్టు పనికి దూరం పోనవసరం లేదు. మీ మండలంలో పాటలు రికార్డు చేసే ఒక గదిని ఎంచుకుని, అక్కడ తయారైన ఒక్క పాటను తీసుకోండి. దాన్ని మూడు రూపాలలో అడగండి. పూర్తయిన పాట ఒకటి, ప్రాజెక్టు ఫైలు ఒకటి. మూడోది ముఖ్యం. ప్రతి గొంతునూ, ప్రతి వాద్యాన్నీ ప్లగ్-ఇన్‌లు లేకుండా ఒకసారి, వాటితో ఒకసారి విడివిడి వేవ్ ఫైళ్లుగా తీసి ఇమ్మనండి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం పాత రికార్డులను భద్రపరచటానికి సెకనుకు 48,000 ముక్కలు, 24 బిట్లు కనీస ప్రమాణంగా చెబుతోంది. అంతకు తగ్గకుండా అడగండి.

తర్వాత నోటు పుస్తకం తీయండి. గిటార్ ట్రాక్ ఏ ఏ ప్లగ్-ఇన్‌ల గుండా, ఏ వరుసలో పోయిందో రికార్డిస్టు తెర మీద చూపిస్తుంటే రాసుకోండి. పేరు, తయారీదారు, ఎన్నో వెర్షన్, ప్రతి మీట ఏ అంకె మీద ఉంది అన్నవి రాయాలి. తెరను ఫోటో తీసినా చాలదు. ఫోటోలో వరుస ఎందుకు అట్లా పెట్టాడో ఉండదు. అడగండి. హారన్ ధ్వని ఎందుకు కావాలనుకున్నావని అడిగితే ఆయన తన చిన్ననాటి జాతర గురించి చెప్పవచ్చు. అది కూడా మీ ఆధారమే. పాడినవారి పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి అనుమతితో రాయండి. వద్దంటే రాయకండి. నోటు పుస్తకం ప్రతి ఒకటి మీ దగ్గర, ఒకటి రికార్డిస్టు దగ్గర, ఇంకొకటి పాడినవారి ఇంట్లో ఉంచండి. వేవ్ ఫైళ్లున్న పెన్ డ్రైవ్‌ను కూడా పాడినవారి ఇంట్లోని ఆ ప్రతితో కలిపి ఇవ్వండి.